ఐపీ పెట్టేముందు పాస్‌బుక్

“వాడు ఐపీ పెట్టిండట.” వరంగల్ మట్టెవాడ సందుల్లో ఈ మాట చెవిన పడితే, విన్నవాడు ముందు తన జేబు తడుముకుంటాడు. ఎవరికి ఎంత మునిగిందన్నది ఆ తర్వాతి ముచ్చట. చేతులెత్తేయడం, బోర్డు తిప్పేయడం, కుచ్చుటోపీ పెట్టడం, ఐపీ పెట్టడం అన్నీ ఒకే గాటన కట్టేశాం మనం. మొదటి మూడింటికీ కోర్టుతో పనిలేదు, రాత్రికి రాత్రి తాళం వేసుకుని పోతే చాలు. నాలుగోది అలా కాదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ పెట్టేవాడు ఊళ్లోనే ఉండి, ఎవరెవరికి ఎంత బాకీయో, తన దగ్గర ఏమేం మిగిలాయో కాగితం మీద రాసి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం పెట్టి కోర్టుకు ఇవ్వాలి. పారిపోయినవాణ్నీ, లెక్క అప్పజెప్పినవాణ్నీ ఒకే మాటతో తిట్టడం వల్ల నష్టపోయేది రెండోవాడే.

ఆ కాగితం రాసే రోజుకు ముందు ఆరేడు నెలలు ఎలా గడిచాయన్నదే అసలు విషయం. జీతం ఏ ఖాతాలో పడింది, అందులోంచి ఎవరికి పోయింది, బీరువాలోకి ఎంత చేరింది, బామ్మర్దికి ఫోన్‌పేలో ఎంత వెళ్లింది. ఐపీ కేసుల్లో గెలుపోటములు చాలావరకు అక్కడే తేలిపోతాయి. నిజానికి మన చట్టం జీతగాడికి తక్కువేమీ వదలలేదు. ఏం వదిలిందో తెలియక జనం దాచాల్సిన పనిలేని డబ్బును దాస్తారు, ఆ దాచడంతోనే పట్టుబడతారు.

ముందు ఏ చట్టమో తేల్చుకోవాలి. 2016లో వచ్చిన కొత్త దివాలా చట్టం ఐబీసీలో మూడో భాగం మామూలు మనుషుల దివాలా కోసమే రాశారు. కానీ దాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే. అంటే కంపెనీ పెట్టి వందల కోట్లు అప్పుచేసి దానికి హామీ సంతకం పెట్టిన పెద్దమనిషికి కొత్త చట్టం, బట్టల దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తాకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఆ పాత చట్టం ప్రకారం అయిదు వందల రూపాయల అప్పు ఉండి తీర్చలేకపోతే పిటిషన్ పెట్టుకోవచ్చు. వందేళ్ల కింద అయిదు వందలంటే ఆస్తి. ఇవాళ వారం కూరగాయలకు చాలవు. కొత్త చట్టంలో పేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అని ఒక అధ్యాయం ఉంది, అదీ అమల్లోకి రాలేదు. వచ్చినా అర్హత చూడండి: ఏడాది ఆదాయం 60,000 రూపాయలు దాటొద్దు, ఆస్తి 20,000 దాటొద్దు, మాఫీ అడిగే అప్పు 35,000 దాటొద్దు, సొంతిల్లు ఉండొద్దు. నెలకు అయిదు వేలు సంపాదించేవాడికి 35,000 అప్పు ఎవరిస్తారో ఆ అంకెలు రాసినవాళ్లే చెప్పాలి.

సరే, ఒక మనిషిని ఊహించుకుందాం. మట్టెవాడలో కిరాయి ఇల్లు, వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణంలో లెక్కలు రాసే పని, జీతం 28,000. బ్యాంకులో పర్సనల్ లోన్, రెండు క్రెడిట్ కార్డులు, ఎత్తేసిన చిట్టీ, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన చేతప్పు, పైన గిరిగిరి. గిరిగిరి అంటే తెలియనివాళ్లకు: పది వేలు అప్పని రాసుకుని ముందే మిత్తి పట్టుకుని చేతికి ఎనిమిదో తొమ్మిదో ఇచ్చి, రోజూ సాయంత్రం దుకాణం ముందుకొచ్చి వందో నూటయాభయ్యో వసూలు చేసుకునే ఫైనాన్సు. ఈయన హన్మకొండ అదాలత్ దగ్గర ఒక వకీలును కలిశాడనుకుందాం.

“సార్, జీతం మొత్తం జప్తు చేస్తరా?”

“ఎవరు చెప్పిన్రు?”

“రికవరీ పిలగాడు. రేపట్నుంచి నీకు ఒక్క పైస రాదన్నడు.”

“నీ జీతమెంత?”

“ఇర్వై ఎనిమిది వేలు.”

వకీలు కాగితం తీసి లెక్క వేస్తాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలను ఎవరూ ముట్టుకోకూడదు. మిగిలిన 27,000లో మూడింట రెండు వంతులు, అంటే 18,000, అదీ ముట్టుకోకూడదు. డిక్రీ వచ్చి, కోర్టు యజమానికి ఉత్తర్వు పంపితే కోత పడేది నెలకు 9,000. ఇంటికి వచ్చేది 19,000. ఆ కోత కూడా ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలే. తర్వాత ఆ డిక్రీ పేరు మీద జీతం జోలికి రాకూడదు. మొదటి వెయ్యి అన్నది 2002 జూలైకి ముందు నాలుగు వందలుగా ఉండేది. అప్పట్నుంచి ఇప్పటిదాకా వెయ్యి దగ్గరే ఆగిపోయింది, ధరలు మాత్రం ఆగలేదు. భార్యాపిల్లల మనోవర్తి డిక్రీ అయితే లెక్క తిరగబడుతుంది, అక్కడ కాపాడేది మూడింట ఒక వంతే.

ఇంకో సంగతి వకీళ్లు చెప్పినా జనం నమ్మరు. ఫైనాన్సువాళ్లు బాండు పేపరు మీద “నా జీతం మొత్తం జప్తు చేసుకోవడానికి అభ్యంతరం లేదు” అని రాయించుకుంటారు. అలా రాయించుకున్నా చెల్లదు. ఈ రక్షణను వదులుకుంటానని ముందే చేసుకున్న ఒప్పందం ఏదైనా చెల్లనిదని అదే 60వ సెక్షన్‌లో ఉంది. సంతకం పెట్టినవాడేమో నిద్రపట్టక తిరుగుతుంటాడు.

పీఎఫ్ సంగతి మరీ విచిత్రం. అప్పులోళ్ల పోరు పడలేక జనం మొట్టమొదట చేసే పని పీఎఫ్ డబ్బులు తీసి గిరిగిరివాడికి కట్టడం. పీఎఫ్ చట్టం పదో సెక్షన్ ఏ కోర్టు డిక్రీకీ ఆ డబ్బు లొంగదని చెప్పి ఊరుకోలేదు. దివాలా తీసినవాడి ఆస్తిని చేతిలోకి తీసుకోవడానికి 1920 చట్టం కింద నియమించిన రిసీవర్ కూడా దాన్ని అడగడానికి వీల్లేదని చట్టం పేరు పెట్టి మరీ రాసింది. కోట గోడ లోపలున్న ధాన్యాన్ని మనమే బయటికి మోసి దండుకు అప్పగించినట్టు. గ్రాట్యుటీ, ప్రభుత్వ పెన్షన్ కూడా ఆ గోడ లోపలివే. రిటైరైనవాడి పెన్షన్, గ్రాట్యుటీ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినంత మాత్రాన రక్షణ పోదని రాధేశ్యాం గుప్తా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కేసులో ఎదుటి పక్షం పంజాబ్ నేషనల్ బ్యాంకే. జీవిత బీమా పాలసీ కింద వచ్చే డబ్బూ జప్తుకు దొరకదు.

ఇక బ్యాంకు ఖాతా. జప్తు కన్నా ముందు దెబ్బ ఇక్కడే పడుతుంది, కోర్టు ప్రమేయం లేకుండా. మన మనిషి జీతం పడే బ్యాంకులోనే పర్సనల్ లోన్ తీసుకున్నాడు. రెండు కిస్తీలు తప్పగానే మూడో నెల జీతం పడ్డ పూట బ్యాంకు దాన్ని తన బాకీలో జమ వేసుకుంటుంది. కాంట్రాక్ట్ చట్టం 171వ సెక్షన్ బ్యాంకులకు ఇచ్చిన పాత హక్కుకు, లోన్ కాగితాల్లో చిన్న అక్షరాల షరతు తోడు. మూడింట రెండు వంతులు కోర్టు ముట్టుకోదన్న ధైర్యంతో ఉన్నవాడికి ఏటీఎం చీటీ మీద సున్నా కనిపిస్తుంది. అందుకే బాకీ లేని వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, జీతం అందులోకి మార్పించుకోవడం తెలివైన పని. ఇందులో తప్పేమీ లేదు. ఆ ఖాతాను పిటిషన్‌లో రాయకపోతేనే తప్పు. కొత్త ఖాతాలో జీతం తప్ప ఇంకేదీ పడనివ్వకుండా ఉంటే ఇంకా మంచిది. అన్నయ్య పంపిన పదివేలు, చిట్టీ డబ్బు, పాత బండి అమ్మిన సొమ్ము అన్నీ అందులోనే కలిస్తే, రేపు ఏది జీతమో చూపించడం పాలు నీళ్లు వేరుచేసినట్టే.

పాత ఖాతాను ఖాళీ చేసి వదిలేస్తే సరిపోతుందా అంటే, దానికీ ఒక చిక్కుంది. నెలనెలా కిస్తీ లాక్కునే ఆటో డెబిట్‌కు మనమే అనుమతి ఇచ్చి ఉంటాం. డబ్బు లేక అది తిరిగిపోతే, చెక్కు బౌన్సుకు ఉన్నట్టే దానికీ క్రిమినల్ కేసు ఉంది. చెల్లింపుల వ్యవస్థలపై 2007లో చేసిన చట్టం 25వ సెక్షన్ రెండేళ్ల దాకా జైలు అంటుంది. ఆ నెల కట్టలేమని తెలిస్తే బ్యాంకుకు ముందే రాసిచ్చి, ఆ కాగితం మీద స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. దాంతో కేసు తప్పుతుందని కాదు, మోసం చేయలేదని చూపించడానికి చేతిలో ఒకటి ఉంటుంది. ఫైనాన్సువాళ్ల చేతుల్లో పెట్టిన ఖాళీ చెక్కులది ఇంతకన్నా పెద్ద తలనొప్పి. ఐపీ పెట్టాను కదా, చెక్కు కేసు పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు. దివాలా బాకీల గురించి, చెక్కు కేసు నేరం గురించి. కొత్త చట్టం కిందే వ్యక్తిగత హామీదారులకు వచ్చే తాత్కాలిక నిలుపుదల చెక్కు కేసుల్ని ఆపదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత చట్టంలో అంత ఆశ కూడా పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ డల్లాస్ నుంచి ఫోన్‌లో సలహా ఇచ్చే బంధువు ప్రస్తావన తేక తప్పదు. ప్రతి ఇంటికీ ఒకరుంటారు. అమెరికాలో చాప్టర్ 7 దివాలా పెట్టిన తెలుగువాళ్ల అనుభవాలు వాట్సాప్‌లో మన దాకా వస్తుంటాయి: “పిటిషన్ పడిన రోజు ఖాతాలో ఎంతుందో అదే లెక్క, తర్వాత వచ్చే జీతం నీదే.” అక్కడ అది నిజం. అక్కడ పిటిషన్ ముందు 90 రోజుల్లో ఒకరికి మాత్రం ఎక్కువ కట్టినా, ఏడాదిలోపు బంధువులకు కట్టినా వెనక్కి లాగుతారు. బ్యాంకు బాకీ ఉన్న ఖాతాను కొంతకాలం స్తంభింపజేయడం తప్పుకాదని 1995లోనే వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి లెక్క వేరు. దివాలాదారుగా కోర్టు ప్రకటించిన తర్వాత, అప్పుల నుంచి విడుదల ఉత్తర్వు వచ్చేదాకా మనిషికి కొత్తగా ఏ ఆస్తి సమకూరినా అది రిసీవర్ చేతికే పోతుంది. జీతంలో చట్టం కాపాడిన భాగమే మిగులుతుంది. డల్లాస్ సలహాతో “ఇక ముందు వచ్చేదంతా నాదే” అనుకుని కొత్త చిట్టీ మొదలుపెట్టినవాడు ఆ చిట్టీ కూడా రాసివ్వాల్సి వస్తుంది.

ఇంకో అపోహ. పిటిషన్ పెట్టగానే అందరూ ఆగిపోతారనుకుంటారు. మన చట్టంలో అప్పులోళ్ల చేతులు కట్టేసేది దివాలా ప్రకటన, పిటిషన్ కాదు. ప్రకటన వచ్చాక మాత్రం దాని ప్రభావం పిటిషన్ పెట్టిన రోజు నుంచే లెక్కకు వస్తుంది. కాబట్టి పిటిషన్‌కూ ప్రకటనకూ మధ్య నెలల్లో ఖాతాలోంచి కదిలిన ప్రతి రూపాయికీ రిసీవర్ ముందు జవాబు చెప్పాలి. ఇల్లో బండో తాకట్టు పెట్టించుకున్న బ్యాంకుకు ప్రకటన కూడా అడ్డం రాదు.

ఇప్పుడు బాధపెట్టే భాగానికి వద్దాం. అప్పుల్లో మునిగినవాడు మొదట ఎవరి బాకీ తీర్చాలనుకుంటాడు? మేనమామ చేబదులు. అక్క మెడలోంచి తీసిచ్చిన పుస్తెలతాడు. బ్యాంకు ఏమైతేనేం, రేపు పెళ్లిళ్లలో పేరంటాల్లో మొహం చూడాల్సింది వీళ్లనే. మన సంస్కారం అలాంటిది. చట్టం దీన్ని పక్షపాతం అంటుంది. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక అప్పులోడికి మేలు చేయాలన్న ఉద్దేశంతో ఇచ్చింది చెల్లదు, రిసీవర్ మేనమామ ఇంటికే నోటీసు పంపిస్తాడు. మేనమామకు డబ్బూ పోతుంది, కోర్టు మెట్లెక్కిన అవమానమూ మిగులుతుంది. నిజంగా మేనమామ మీద ప్రేముంటే ఆయన పేరును అప్పులోళ్ల జాబితాలో నిజాయితీగా రాయడమే. దీన్ని ఒప్పుకోవడం కష్టమని నాకూ తెలుసు.

ఆస్తి రాయింపులది ఇంకా పాత కథ. ఇంటిని భార్య పేరిట గిఫ్ట్ డీడ్ చేసి, ఆర్నెల్లు ఆగి ఐపీ పెట్టడం అన్నది తెలుగునాట తెలియనివాడు లేని కిటుకు. చట్టం రాసినవాళ్లకూ తెలుసు. ఉచితంగా రాసిచ్చిన రెండేళ్లలోపు పిటిషన్ పడితే ఆ రాత రిసీవర్ ముందు నిలవదు. పెళ్లి నిమిత్తం పెళ్లికి ముందు ఇచ్చినదానికి, న్యాయమైన ధర పెట్టి నమ్మకంగా కొన్నవాడికి మాత్రమే మినహాయింపు. రెండేళ్లు దాటించినా ఊరట లేదు. అప్పులోళ్లకు ఎగ్గొట్టడానికి రాసిందని తేలితే ఆస్తి బదిలీ చట్టం కింద దాన్ని రద్దు చేయించే దారి వేరే ఉంది. దాచిపెట్టడం, లెక్కల పుస్తకాలు మాయం చేయడం నేరం, ఏడాది దాకా జైలు.

బ్యాంకు స్టేట్‌మెంట్లు లేని కాలంలో ఈ కిటుకులకు కొంత ఆయుష్షు ఉండేదేమో. ఇప్పుడు మూడేళ్ల స్టేట్‌మెంటు తీస్తే ఏ రాత్రి ఎన్నింటికి ఎవరికి ఎంత పోయిందో వరసలో కనిపిస్తుంది. 1920 చట్టం విడుదల ఇవ్వకుండా ఆపడానికి చెప్పిన కారణాల్లో వ్యాపారి మూడేళ్ల లెక్కలు సరిగా రాయకపోవడం ఒకటి, జూదం ఇంకోటి. తెలంగాణలో 2017 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం. అయినా కుర్రాళ్ల స్టేట్‌మెంట్లలో రాత్రి పదకొండు తర్వాత అయిదు వందలు, వెయ్యి, అయిదు వందలు అని వరుసగా పోయిన పద్దులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ వరుసను ఏ వకీలూ దాచలేడు. ఆస్తులు బాకీలో రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అందుకు తన తప్పు లేదని చూపించగలగాలి. ఆస్పత్రి బిల్లులకు పోయిందని స్టేట్‌మెంటు చెబితే కోర్టు ఒకలా చూస్తుంది, రమ్మీకి పోయిందని చెబితే ఇంకోలా.

ఇంతవరకూ అప్పు తీసుకున్నవాడి గురించే మాట్లాడుకున్నాం. వరంగల్‌లో ఈ కథలో ఇంకో పాత్ర ఉంటుంది: జమానతు పెట్టిన పంతులు. చిట్టీ ఎత్తేవాడు మిగిలిన కిస్తీలకు షూరిటీ చూపించాలి. ప్రభుత్వ ఉద్యోగి జీతం సర్టిఫికెట్ కన్నా చిట్‌ఫండ్ కంపెనీకి ముద్దొచ్చే కాగితం ఇంకోటి లేదు. అందుకే స్కూలు పంతుళ్లు, జూనియర్ అసిస్టెంట్లు దోస్తు కోసం, తోడల్లుడి కోసం సంతకాలు పెడుతుంటారు. దోస్తు ఐపీ పెడతాడు. చట్టం స్పష్టంగా చెప్పింది: దివాలాదారుకు విడుదల దొరికినా షూరిటీకి విడుదల లేదు. చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర అవార్డు తెచ్చుకుని, కంపెనీ పంతులు జీతం మీదికి వస్తుంది. చివరికి మూడింట ఒక వంతు కోత పడేది ఏ అప్పూ చేయని మనిషికి. ఐపీ పెట్టే ముందు ఖాతాలు సర్దుకునేవాడు కనీసం ఆ పంతులుకు ముందుగా ఒక మాట చెప్పాలి. ఏ చట్టంలోనూ ఇది రాసిలేదు, నేను చెబుతున్నాను.

అప్పు ఇచ్చినవాళ్ల గోడూ తప్పుడుదేం కాదు. కూతురి పెళ్లికని దాచిన రెండు లక్షలు తెలిసిన దుకాణంలో మిత్తికి పెట్టిన విడో పెన్షన్ అవ్వకు ఒక రోజు కోర్టు నోటీసు వస్తుంది, అందులో తన పేరు 37వ నంబరు దగ్గర. “ఐపీ పెడతా, రూపాయికి పావలా తీసుకుంటవా, అదీ పోగొట్టుకుంటవా” అని బెదిరించి పెద్దమనుషుల పంచాయితీలో తెంపుకునే వ్యాపారులు ఉన్నారు. పిటిషన్ పెట్టకుండానే పిటిషన్ ఫలం తినేది వీళ్లు. ఐపీ అన్న మాటకు ఊళ్లో చెడ్డపేరు వచ్చింది వీళ్లవల్లే ఎక్కువ. ఆ అవ్వకు కూడా హక్కుంది: ఆస్తి దాచాడని, భార్య పేర రాశాడని తెలిస్తే కోర్టుకు చెప్పవచ్చు, అప్పు ఇచ్చినవాళ్లే దివాలా ప్రకటన కోరుతూ పిటిషన్ వేయవచ్చు. వేసేవాళ్లు ఎందరు?

ఈ జిల్లాలో అప్పు అన్న మాటకు ఇంకో నీడ కూడా ఉంది. 1997-98లో పత్తికి పురుగు పట్టినప్పుడు పురుగుమందుల దుకాణంలో బాకీపడిన రైతులు ఆ మందే తాగారు. 2010లో మైక్రోఫైనాన్స్ కిస్తీల ఒత్తిడి మీద ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. వ్యాపారికి ఐపీ తెలుసు, రైతుకు తెలియదు. రైతు ఇల్లు, ఎడ్లు, నాగలి జప్తుకు దొరకవని 60వ సెక్షన్‌లోనే ఉంది. కట్టలేనివాణ్ని కట్టలేదన్న ఒక్క కారణంతో జైలుకు పంపకూడదని 1980లోనే సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ కలంతో, జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఒకవేళ అరెస్టు చేసినా, దివాలా పిటిషన్ పెట్టుకుంటానని పూచీకత్తు ఇస్తే వదిలేయాలని చట్టమే చెబుతోంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది. ఇవన్నీ ఇంగ్లిషు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి.

ఐపీ ఒక్కటే దారి కాదు కూడా. ఒకటో రెండో బ్యాంకులే అయితే ఒకేసారి కట్టి తెంపుకునే ఓటీఎస్ అడగొచ్చు, లోక్ అదాలత్‌లో కూర్చోవచ్చు. ముప్పై మంది అప్పులోళ్లు ఉన్నవాడికి మాత్రం ఒకరితో రాజీపడితే మిగతా ఇరవై తొమ్మిది మంది వీధిలోకి వస్తారు. అలాంటివాడి కోసమే ఈ చట్టం. పెట్టాక విడుదల అడగడం మరిచిపోకూడదు. కోర్టు ఒక గడువు ఇస్తుంది, ఆలోపు విడుదల కోరకపోతే ప్రకటనే రద్దవుతుంది, అప్పులన్నీ మళ్లీ గుమ్మం ముందు నిలబడతాయి.

మట్టెవాడ గుమాస్తా దగ్గరికి మళ్లీ వస్తే, వకీలు ముందు పాస్‌బుక్కులు పెట్టాడు. మూడు. నాలుగోది లేదా అని వకీలు అడిగాడు. లేదన్నాడు. మెల్లగా గుర్తొచ్చింది, పాప పుట్టినప్పుడు పోస్టాఫీసులో తెరిచిన ఖాతా ఒకటి ఉంది, ఎన్నడూ తీయలేదు.

“అండ్ల ఎంతుంటది?”

“మూడు వందలుంటయేమో సార్. అది కూడ రాయాల్నా?”

“ముందు అదే రాయి,” అన్నాడు వకీలు, ఆస్తుల జాబితా తన ముందుకు లాక్కుని.